రాకెట్ మోతను ముందుకు జరపొద్దు

మంట కనబడిన క్షణంలోనే మోత కూడా వినబడే రాకెట్ వీడియో చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అదీ దూరం నుంచి జూమ్ చేసి తీసిన వీడియో అయితే మరీను. ముందు పులికాట్ నీళ్ళు కనబడుతుంటాయి, అవతల సన్నగా చెట్ల వరుస, దాని పైన రాకెట్. తీసినవాళ్ళు కిలోమీటర్ల దూరంలో ఉన్నారని చూడగానే తెలిసిపోతుంది. అయినా సరే, మంట వెలగగానే గుండెలదిరే చప్పుడు. ఎడిటింగ్‌లో ఆడియోను ముందుకు లాగి మంట కింద అతికించేశారన్నమాట. కొందరు ఆ కష్టం కూడా పడరు, నెట్‌లో దొరికే ఏదో రాకెట్ సౌండ్ ఎఫెక్ట్ తెచ్చి వేసేస్తారు. దాని మీద ఇంకో మ్యూజిక్.

నేను పెళ్ళి వీడియోలకు సౌండ్ చూసుకునే పనిలో ఉన్నాను. మాది సూళ్ళూరుపేటకు దగ్గరి ఊరే కాబట్టి శ్రీహరికోట నుంచి రాకెట్ లేస్తుందంటే, ఆ రోజు ముహూర్తం ఏదీ లేకపోతే, రికార్డర్ పట్టుకుని వెళ్ళిపోతాను. మా వైపు అందరూ రాకెట్‌ను చూడటానికి వెళ్తారు. నేను వినడానికి వెళ్తాను. అందుకే ఈ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. ప్రయోగాన్ని వీడియో తీసేవాళ్ళు మోత ఎప్పుడు వచ్చిందో, ఎలా వచ్చిందో అలాగే ఉంచాలి. ఆలస్యాన్ని కత్తిరించకూడదు, మోతను నున్నగా చెయ్యకూడదు, దాని మీద ఇంకో శబ్దం పొయ్యకూడదు.

ఆలస్యం సంగతి ముందు చూద్దాం. మన తీరంలో ఉండే ఎండలకు శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు ప్రయాణిస్తుంది. కిలోమీటరుకు మూడు సెకన్లు అని లెక్కేసుకుంటే సరిపోతుంది. ప్రయోగ వేదికకు 7 కిలోమీటర్ల దూరంలో నిలబడితే మంట కనబడిన 20 సెకన్లకు మోత చేరుతుంది. సూళ్ళూరుపేట వైపు 18 కిలోమీటర్ల దూరంలో ఉంటే 50 సెకన్లు దాటుతుంది. ఆ 50 సెకన్లలో రాకెట్ మబ్బులు దాటి పోయి ఉండొచ్చు కూడా. అంటే ఆకాశంలో ఏమీ కనబడని సమయంలో, ఎప్పుడో నేలను వదిలినప్పటి చప్పుడు మన దగ్గరికొచ్చి తాకుతుంది.

జూమ్ లెన్స్ కంటిని రాకెట్ దగ్గరికి తీసుకుపోతుంది. చెవిని తీసుకుపోలేదు. చెవి మన కాళ్ళు ఎక్కడున్నాయో అక్కడే ఉంటుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడానే ఆ సెకన్లు. వాటిని కోసేస్తే దూరం పోతుంది, దూరంతోపాటు రాకెట్ ఎంత పెద్దదో తెలిసే ఒకే ఒక్క కొలత కూడా పోతుంది. ఎందుకంటే తెర మీద మంట చిన్నదే, ఏ దీపావళి చిచ్చుబుడ్డి అయినా దగ్గర్నుంచి తీస్తే అంతే కనబడుతుంది. ఇరవై సెకన్ల దూరం నుంచి వచ్చి కూడా ఛాతీలో తగిలిందంటేనే అక్కడ 640 టన్నుల వాహనం లేచిందని ఒంటికి అర్థమవుతుంది. ఇస్రో వాళ్ళ ఎల్‌వీఎం3 రాకెట్ అంత బరువుంటుంది, 43.5 మీటర్ల ఎత్తు. చంద్రయాన్-3ని 2023 జులై 14న మధ్యాహ్నం 2:35కి మోసుకెళ్ళింది అదే.

ఆలస్యాన్ని ఉంచితే ఇంకో లాభం ఉంది. వీడియోలో మంటకూ మోతకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి, మూడుతో భాగిస్తే, తీసినవాళ్ళు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నారో ఎవరైనా చెప్పొచ్చు. పదేళ్ళ తర్వాత చూసినా చెప్పొచ్చు. ఎక్కడ తీశారో రాయకపోయినా చెప్పొచ్చు. ఆడియోను ఒక్కసారి జరిపామా, ఆ ఆధారం శాశ్వతంగా పోయినట్టే.

1967 నవంబర్ 9న అమెరికావాళ్ళ చంద్రుడి రాకెట్ సాటర్న్-5 మొట్టమొదటిసారి ఫ్లోరిడాలో లేచింది. అపోలో 4 ప్రయోగం అది. సీబీఎస్ టీవీకి వాల్టర్ క్రాంకైట్ అయిదు కిలోమీటర్లకు పైబడ్డ దూరంలో పెద్ద గాజు కిటికీ ఉన్న గదిలోంచి ప్రత్యక్ష వ్యాఖ్యానం చెబుతున్నాడు. మోత వచ్చి తాకేసరికి గది ఊగింది, పైకప్పు పలకలు ఊడిపడ్డాయి, కిటికీ అద్దం పగలకుండా చేతులతో అదిమి పట్టుకున్నారు. ఆయన గొంతు ఎలా మారిపోయిందో ఇప్పటికీ వినొచ్చు. మొదట రాకెట్ లేస్తోందని చెప్పే విలేఖరి గొంతు, కాసేపటికి తన గది కదులుతోందని అరిచే మనిషి గొంతు. ఆ రెండు గొంతుల మధ్య ఉన్నది శబ్దం నడిచొచ్చిన సమయమే. దాన్ని ఎవరైనా సరిచేద్దామని ఆడియో ముందుకు జరిపి ఉంటే ఆ రికార్డింగ్‌కు అర్థమే ఉండేది కాదు.

ఇక మోత లోపల ఏముందో చూద్దాం. రాకెట్ శబ్దం అంటే ఒకటే 'గుర్ర్' అనుకుంటారు చాలామంది. లాప్‌టాప్‌లో వేవ్‌ఫారమ్, అంటే శబ్దాన్ని గీతగా చూపే బొమ్మ, తెరిచి చూస్తే అది ఎన్ని రకాలుగా మారుతుందో తెలుస్తుంది. మొదట వచ్చేది కాస్త ముసుగేసినట్టు ఉంటుంది. రాకెట్‌ను మొదట పైకి లేపే బూస్టర్లు వెలిగినప్పుడు మంట వేదిక కింద తవ్విన పెద్ద కాలువలోకి పోయి పక్కకు మళ్ళుతుంది కాబట్టి చప్పుడు చాలా భాగం అటే పోతుంది. రాకెట్ వేదికను వదిలి పైకొచ్చేకొద్దీ మోత విచ్చుకుంటుంది. అందరూ అనుకునేదానికి విరుద్ధంగా, అత్యంత గట్టి చప్పుడు నేలను వదిలిన క్షణానిది కాదు. రాకెట్ మోత అన్ని దిక్కులకూ సమానంగా పోదు. తోక నుంచి వెళ్ళే మంట ఉన్న దిక్కుకు ఇంచుమించు 60 డిగ్రీల పక్కగా ఎక్కువ పోతుంది. రాకెట్ నేల మీద నిటారుగా ఉన్నప్పుడు మనం ఆ మంటకు 90 డిగ్రీల పక్కన ఉంటాం. అది పైకి పోయేకొద్దీ ఆ కోణం తగ్గుతూ వస్తుంది. 7 కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్ళకు, రాకెట్ సుమారు నాలుగు కిలోమీటర్ల ఎత్తుకు చేరేసరికి ఆ గట్టి భాగం సూటిగా వాళ్ళ వైపు తిరుగుతుంది. అది మన దగ్గరికి చేరడానికి మళ్ళీ ఇరవై పైచిలుకు సెకన్లు. సరిగ్గా ఆ సమయానికే చాలామంది 'అయిపోయింది' అనుకుని ఫోన్ దించేస్తారు. ఎన్ని వీడియోలు అసలు మోత రాకముందే ఆగిపోయాయో చూస్తే బాధేస్తుంది.

ఆ గట్టి భాగంలోనే చిటపటలు వినబడతాయి. గుర్రుమనే మోత మీద ఠపఠపమని, ఒక్కొక్కటి విడిగా, చెవి మీద తట్టినట్టు. స్పీకర్ పగిలిందేమో, రికార్డింగ్ పాడైందేమో అనుకుని దాన్ని ఫిల్టర్లతో తీసేసేవాళ్ళు ఉన్నారు. దయచేసి తీయకండి. అది లోపం కాదు, రాకెట్ గొంతే అది. గాలిలో పీడనం నెమ్మదిగా పెరిగి తగ్గే మామూలు శబ్దం కాదది. పీడనం ఒక్కసారిగా పైకి లేచి నెమ్మదిగా దిగే చిన్న చిన్న షాక్ తరంగాలు వరసగా వస్తాయి. వేవ్‌ఫారమ్‌ను బాగా పెద్దది చేసి చూస్తే రంపపు పళ్ళు కనబడతాయి, అవి కూడా పైవైపు పదునుగా, కిందివైపు మొద్దుగా. 1970లలో కాంకార్డ్ విమానం ఇంజన్ల మోతను పరిశీలించినవాళ్ళు ఈ చిటపటలను విడిగా గుర్తించి 1975లో దాని గురించి రాశారు. 2022 నవంబర్ 16న నాసా ఆర్టెమిస్-1 ప్రయోగంలో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్ళు చుట్టూ మైకులు పెట్టి కొలిచారు. వేదికకు 1.5 కిలోమీటర్ల దూరంలో 136 డెసిబెల్స్ వచ్చింది, ముందు వేసుకున్న అంచనాల కంటే ఎక్కువ. ఆ మోతలో చిటపటల గురించి వాళ్ళు ప్రత్యేకంగా రాశారు. శాస్త్రవేత్తలు అంత శ్రద్ధగా కొలిచే దాన్ని మనం 'నాయిస్ రిమూవ్' బటన్ నొక్కి చెరిపేస్తున్నాం.

డెసిబెల్స్ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పేస్తాను. సాటర్న్-5 మోతకు కాంక్రీటు కరిగిందనీ, దూరంలో ఉన్న గడ్డి అంటుకుందనీ పోస్టులు తిరుగుతుంటాయి. అవి నిజం కాదు. ఆ బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీకే చెందిన కెంట్ గీ, ఆయన సహచరులు 2022లో లెక్కకట్టి చూపించారు: రాకెట్ మొత్తం వెదజల్లే ధ్వని శక్తి స్థాయి 203 డెసిబెల్స్. అది ఒక చోట నిలబడితే చెవికి తగిలే పీడనం కాదు. రెండింటికీ డెసిబెల్స్ అనే పేరే ఉండటంతో కలిపేసి భయపెడతారు. రాకెట్ మోతకు అబద్ధాలు అవసరం లేదు. నిజమే చాలినంత పెద్దది. ఆ సాటర్న్ రాకెట్ల నుంచి వచ్చిన, చెవికి అందని లోతైన తరంగాలు దాదాపు 1,500 కిలోమీటర్ల అవతల న్యూయార్క్ దగ్గర పెట్టిన పరికరాలకు కూడా అందాయి. ఇంతకంటే గొప్ప విషయం కావాలా?

ఆ లోతైన తరంగాల గురించి నాకు చెప్పింది ఏ పుస్తకమూ కాదు, రోడ్డు పక్కన టీ అంగడి పెట్టుకున్న పెద్దమ్మ. నేను మైకు నేల మీద పెట్టి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని కూర్చుంటే ఆమె నవ్వి, "ఏంది నాయనా, నేలకి మైకు పెట్టి ఆకాశానికేసి చూస్తా ఉండావు? మోత వచ్చేది ముందు నా రేకులకి తెలస్తాది," అంది.

"అదెట్ట పెద్దమ్మా?"

"ఇట్ట వచ్చి ఇను. ముందు రేకులు గలగలా కొట్టుకుంటాయి. ఆ మీదటే చెవిలో పడేది."

ఆమె చెప్పినట్టే వసారా కింద, రేకు చూరుకు దగ్గర్లో రెండో మైకు వేలాడదీశాను. తర్వాత ఇంటికొచ్చి వింటే నిజంగానే అంతే ఉంది. ముందు రేకు మీద రేకు తగిలే సన్నటి టిక్ టిక్, ఆ తర్వాత మేకుల దగ్గర గలగల, అది పెరుగుతుండగా వెనక నుంచి మోత. శబ్దం అంతా ఒకే వేగంతో వస్తుంది, కానీ మన చెవి సెకనుకు 20 కంపనాల లోపు వాటిని సరిగ్గా పట్టుకోలేదు, ఆ పైన కూడా బాగా గట్టిగా ఉంటేనే వింటుంది. రాకెట్ ఎంత పెద్దదైతే దాని మోతలో బలమంతా అంత లోతుకు, పది ఇరవై కంపనాల ప్రాంతానికి దిగిపోతుంది. దూరం పెరిగేకొద్దీ సన్నటి శబ్దాలను గాలి మింగేస్తుంది, లోతైనవి మిగులుతాయి. వదులుగా ఉన్న రేకుకు ఆ తరంగం అందుతుంది, చెవికి అందదు. ఇందులో రికార్డింగ్ చేసేవాళ్ళకు పనికొచ్చే విషయం ఏమిటంటే, ఆ లోతు శబ్దాన్ని పట్టుకోలేని మామూలు ఫోన్ కూడా రేకుల గలగలను పట్టుకుంటుంది. కిటికీ తలుపులు, షట్టర్లు, గూట్లో గిన్నెలు కూడా ఇదే పని చేస్తాయి. వాటి చప్పుడు వస్తోందని మైకును దూరం జరపకండి, దగ్గర పెట్టండి.

ఫోన్ గురించి వివరంగానే చెప్పాలి, ఎందుకంటే చాలామంది తీసేది దాంతోనే. ఫోన్ ఆడియో మనుషుల మాటల కోసం తయారైంది. మాట ఆగకుండా ఒకే తీరున ఉండదు. ఒకే తీరున, ఎడతెగకుండా వచ్చేది ఏసీ చప్పుడో ఫ్యాన్ చప్పుడో అని ఫోన్ అనుకుని దాన్ని అణిచేస్తుంది. రాకెట్ మోత కూడా అలాగే ఎడతెగకుండా వస్తుంది కాబట్టి ఫోన్ లెక్కలో అదంతా నాయిసే. పైగా చప్పుడు పెరగగానే గెయిన్ (వచ్చే శబ్దాన్ని ఎంత పెంచి తీసుకోవాలన్న సెట్టింగ్) దానంతటదే తగ్గిపోతుంది. అందుకే ఫోన్ వీడియోల్లో పక్కవాళ్ళ ఈలలూ, రాకెట్ మోతా ఒకే స్థాయిలో వినబడతాయి. దీనికి మందు, ప్రాసెస్ చేయని ఆడియో తీసుకునే రికార్డింగ్ యాప్ ఒకటి వేసుకోవడం, ఆటోమేటిక్ గెయిన్ ఆపేయడం, ఎంపీ3 కాకుండా వేవ్ ఫైల్‌గా రికార్డు చెయ్యడం. ఇంట్లో పాత ఫోన్ ఉంటే దాన్ని సౌండ్‌కు వదిలేసి కొత్తదాంతో వీడియో తీసుకోండి. సౌండ్ ఫోన్‌ను చేత్తో పట్టుకోవద్దు, వేలు కదిలినా వినబడుతుంది.

విడిగా రికార్డర్, మైకు ఉన్నవాళ్ళకు నాలుగు మాటలు. షాట్‌గన్ మైకు పెడితే దూరపు శబ్దం దగ్గరికొస్తుందని ఒక నమ్మకం ఉంది. దీనికి అది పనికిరాదు. ఒక దిక్కు నుంచే వినే మైకులు దూరం నుంచి వచ్చే లోతైన శబ్దాన్ని తగ్గించేస్తాయి, రాకెట్‌లో ఉన్నదే ఆ లోతు. అన్ని వైపుల నుంచీ వినే ఓమ్నీ మైకే పెట్టాలి. దాన్ని స్టాండ్ మీద కాకుండా నేల మీద, ఒక చదునైన ప్లైవుడ్ చెక్క మీద పెడితే రెండు లాభాలు. నేల నుంచి తిరిగొచ్చే శబ్దం అసలు శబ్దంతో కలిసి చెడగొట్టదు, గాలి తాకిడీ తగ్గుతుంది.

గాలే అసలు శత్రువు. పులికాట్ మీద అడ్డమంటూ ఉండదు కాబట్టి సముద్రపు గాలి సూటిగా వచ్చి మైకుకు కొడుతుంది. మామూలు రికార్డింగుల్లో లో-కట్ (లోతైన శబ్దాలను కోసేసే ఫిల్టర్) వేసి గాలి చప్పుడు తీసేస్తాం. ఇక్కడ లో-కట్ వేస్తే గాలితోపాటు రాకెట్ కూడా పోతుంది, రెండూ ఒకే లోతులో ఉంటాయి మరి. అందుకని లో-కట్ తప్పనిసరిగా ఆపేసి, ఫోమ్ మీద బొచ్చు కవర్ తొడిగి, వీలైతే రెండు మైకులను కొన్ని మీటర్ల దూరంలో పెట్టండి. గాలి రెండు మైకులనూ వేర్వేరుగా కొడుతుంది, రాకెట్ మోత రెండిట్లోనూ ఒకేలా పడుతుంది. ఇంటికొచ్చి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది గాలో ఏది రాకెట్టో తెలిసిపోతుంది. తూర్పు గాలి ఉందని విసుక్కోనవసరం కూడా లేదు. వేదిక తూర్పున ఉంది, మనం పడమట ఉన్నాం. అటు నుంచి ఇటు వీచే గాలిలో శబ్దం నేల వైపుకు వంగి మన దగ్గరికి ఇంకా బాగా చేరుతుంది.

లెవెల్ ఎంత పెట్టాలన్నది టెన్షన్ పెట్టే విషయమే, ఎందుకంటే రిహార్సల్ ఉండదు. పెళ్ళిలో మంత్రాలకు లెవెల్ పెట్టుకుని కూర్చుంటే తాళి కట్టే సమయానికి గట్టిమేళం ఒక్కసారిగా లేచి అంతా పగిలిపోతుంది. రాకెట్‌కూ ముందుచూపు అలాగే ఉండాలి. పక్కనున్న జనం మాటలు మీటర్లో అట్టడుగున, మైనస్ 40 డెసిబెల్స్ దగ్గర ఉంటే చాలు, చూడటానికి ఏమీ రికార్డవడం లేదనిపించినా సరే ముట్టుకోకండి. రెండో ట్రాక్‌ను ఇంకో 20 డెసిబెల్స్ కిందికి పెట్టుకోండి. ఈ మధ్య వచ్చిన 32 బిట్ ఫ్లోట్ రికార్డర్లుంటే ఈ బాధ చాలావరకు లేదు, తర్వాత దించుకోవచ్చు. అయితే మైకే తట్టుకోలేనిదాన్ని ఏ రికార్డరూ బాగుచెయ్యలేదు. మనల్ని నిలబడనిచ్చే దూరంలో మైకు తట్టుకోలేనంత మోత ఉండదు లెండి. అక్కడ పగిలేది గెయిన్ వల్ల, గాలి వల్ల.

బొమ్మ సంగతికి వస్తే నేను ఎక్కువ చెప్పను, నాకంటే తెలిసినవాళ్ళు ఉన్నారు. ఎక్స్‌పోజర్, ఫోకస్ రెండూ లాక్ చెయ్యండి. ఎల్‌వీఎం3 పక్కనుండే రెండు ఎస్200 బూస్టర్లలో ఒక్కోదాంట్లో 200 టన్నులకు పైగా ఘన ఇంధనం ఉంటుంది, అందులో అల్యూమినియం పొడి కలుస్తుంది. ఆ మంట వెలుగుకు కెమెరా తడబడి మొత్తం దృశ్యాన్ని చీకటి చేసేస్తుంది. రాత్రి ప్రయోగాల్లో ఉల్టా జరుగుతుంది, ముందు చీకటికి సర్దుకున్న కెమెరాలో మంట అంతా తెల్ల ముద్దవుతుంది. 2022లో దీపావళికి ముందు, అక్టోబర్ 23న రాత్రి 12:07కి ఎల్‌వీఎం3 వన్‌వెబ్ కంపెనీ ఉపగ్రహాలతో లేచినప్పుడు తీసిన చాలా వీడియోల పరిస్థితి ఇదే. ట్రైపాడ్ ఉంటే స్టెబిలైజేషన్ ఆపేయండి. అంతే.

ఇప్పుడు సంగీతం. నేపథ్యంలో దేశభక్తి మ్యూజిక్ వేస్తే తప్పేముంది అని నన్ను గట్టిగానే అడిగారు. దేశం మీద ప్రేమ ఉండటంలో తప్పేమీ లేదు, నాకూ ఉంది. కానీ 1979 ఆగస్టులో మన తొలి ఉపగ్రహ రాకెట్ ఎస్ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం విఫలమై, 1980 జులై 18న గెలిచి, అక్కడి నుంచి చంద్రుడి దాకా వచ్చిన కష్టానికి ఫలితంగా పుట్టిన శబ్దం ఇది. మన ఇంజినీర్లు చేసిన శబ్దం. దాన్ని నొక్కేసి ఎవరో స్టూడియోలో కీబోర్డు మీద వాయించిన దాన్ని పైకి తేవడం ఆ కష్టానికి గౌరవం ఎలా అవుతుంది? మోతకు ముందున్న సెకన్లూ అంతే విలువైనవి. మంట చూసి జనం కేక వేస్తారు. తర్వాత ఎవరో పిల్లవాడు "నాన్నా, సౌండేదీ?" అంటాడు. చలికాలమైతే చెరువులో కొంగల, రాజహంసల అరుపులు వినబడతాయి. అప్పుడు వస్తుంది మోత, జనం రెండోసారి కేక వేస్తారు, ఆ కేక మొదటిదానిలా ఉండదు. ఒక్కసారి రెండు కేకలూ పక్కపక్కన విని చూడండి.

రీల్స్ చూసేవాళ్ళు ఇరవై సెకన్లు ఆగరు, స్క్రోల్ చేసేస్తారు అంటారు వీడియోలు చేసే కుర్రాళ్ళు. అది వాళ్ళ పొట్టకూటి విషయం, తేలిగ్గా తీసిపారేయను. కానీ దారి ఉంది. మంట వెలగగానే తెర మీద ఒక ముక్క వేయండి, 'మేం 7 కిలోమీటర్ల దూరంలో ఉన్నాం, మోత 20 సెకన్లకు వస్తుంది' అని. పక్కన సెకన్లు లెక్కపెట్టే అంకె పెట్టండి. చూసేవాళ్ళు ఆగుతారు, ఎందుకంటే ఇప్పుడు వాళ్ళు ఎదురుచూస్తున్నారు. అలా చేసిన వీడియోలు నేను మా వాళ్ళకు చూపించాను, మోత వచ్చేదాకా ఎవరూ ఫోన్ మీంచి కళ్ళు తిప్పలేదు. అంతకీ కుదరకపోతే రీల్‌కు ఏమైనా చేసుకోండి, పూర్తి వీడియో మాత్రం ఉన్నదున్నట్టు ఇంకోచోట పెట్టండి.

ఇస్రోకు కూడా ఒక విన్నపం ఉంది. ప్రత్యక్ష ప్రసారంలో మనకు వినబడేది ఎక్కువగా వ్యాఖ్యానం, మిషన్ కంట్రోల్ మాటలు, చప్పట్లు. అవి కావాలి, కాదనను. శ్రీశైలం నుంచి శ్రీకాకుళం దాకా పిల్లలు ఆ కౌంట్‌డౌన్ వింటూ పెరుగుతున్నారు. కానీ వేదిక చుట్టుపక్కల పెట్టిన మైకుల శబ్దాన్ని, మాటలేమీ లేకుండా, ఏ దూరంలో తీసిందో రాసి, ప్రయోగం తర్వాత జనానికి ఇవ్వొచ్చు. ఉపగ్రహాలు ఈ మోతకు తట్టుకుంటాయో లేదో చూడటానికి బెంగళూరులో ప్రత్యేకంగా ధ్వని పరీక్షలు చేస్తారు. అంత ముఖ్యమైన శబ్దం కాబట్టే అడుగుతున్నాను. సందర్శకుల కోసం 2019లో గ్యాలరీ తెరిచి మంచి పని చేశారు. అక్కడికి రాలేని కోట్లమందికి ఆ శబ్దమైనా అందాలి.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, ఈ మోత ఎప్పటికీ ఇలాగే ఉండదు. ఎస్ఎల్‌వీ-3 పోయింది, ఏఎస్ఎల్‌వీ పోయింది, ఆ రాకెట్లు మళ్ళీ ఎగరవు. ఎల్‌వీఎం3 నేల మీద వెలిగేది ఘన ఇంధన బూస్టర్లతోనే. మధ్యలో ఉన్న ద్రవ ఇంధన దశ దాదాపు రెండు నిమిషాల దగ్గర, గాలి పల్చగా ఉన్నచోట వెలుగుతుంది, దాని చప్పుడు మనదాకా రాదు. కాబట్టి మనం వినేదంతా ఆ రెండు బూస్టర్ల గొంతే. తర్వాతి తరం రాకెట్‌కు 2024 సెప్టెంబర్‌లో కేంద్ర మంత్రివర్గం అనుమతి ఇచ్చింది, దానికి అవసరమైన మూడో ప్రయోగ వేదికకు 2025 జనవరిలో ఇచ్చింది. ఆ రాకెట్ మొదటి దశ మీథేన్, ద్రవ ఆక్సిజన్‌తో నడుస్తుంది, దాన్ని తిరిగొచ్చేలా చేస్తారు. ఇంజన్లు మారితే మోతా మారుతుంది. ఆ రోజు వచ్చేసరికి ఈ బూస్టర్ల గొంతు మన దగ్గర శుభ్రంగా, వేర్వేరు దూరాల నుంచి, వేర్వేరు రుతువుల్లో తీసినవి ఉండాలి. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. సూళ్ళూరుపేటలో ఒకరు, తడలో ఒకరు, దక్షిణాన తమిళనాడు వైపు పళవేర్కాడులో ఒకరు, గ్యాలరీలో ఒకరు ఒకే ప్రయోగాన్ని రికార్డు చేస్తే అది ఎవరి ఒక్కరి వీడియో కంటే విలువైనది.

కాబట్టి వచ్చే ప్రయోగానికి మీరు ఎక్కడ నిలబడినా ఈ నాలుగూ చెయ్యండి. లెక్కింపు అయిదు నిమిషాలు ఉండగానే రికార్డింగ్ మొదలుపెట్టండి. రాకెట్ కనబడకుండా పోయాక కూడా కనీసం నాలుగు నిమిషాలు ఆపకండి, పై నుంచి వచ్చే చప్పుడు ఆలస్యంగా వస్తూనే ఉంటుంది. మొదట్లోనే మీ గొంతుతో ఊరి పేరు, టైము, గాలి ఎటు వీస్తోందో, ఏ ఫోనో ఏ మైకో చెప్పండి, ఫైలు పేరు మారిపోయినా అది అందులోనే ఉంటుంది. ఇంటికి రాగానే ఏ ఎడిటింగ్‌కూ ముందు అసలు ఫైలును ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టండి. వాట్సాప్‌లో వీడియోగా పంపింది కాపీ కింద లెక్క కాదు, అది ఆడియోను నొక్కేస్తుంది.